బొగ్గుబస్తా మూపురం

"మార్చి పదకొండు, మంగళవారం. ఆ రాత్రి రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. అవునా?"

సాయంత్రం, దుకాణం కట్టేసే వేళ. అడిగినవాడు గడియారాలు బాగుచేసే బావ, ఒళ్ళో పాత టేపురికార్డరు. కోటుకు కాజాలు కుడుతూ తల ఎత్తనిది అతని మరదలు; ముప్ఫై ఏళ్ళకు పైబడి ఆమెను సూదమ్మా అనే పిలుస్తున్నాడు.

"ఉడకబెట్టలేదు బావా, మాడబెట్టారు. నీళ్ళన్నీ ఇంకిపోయి అవి గిన్నెలో టపటపా పేలుతుంటే, మీరు గడియారం చూసుకుంటూ కూచున్నారు."

"తొమ్మిది నిమిషాలు కచ్చితంగా పెట్టాను."

"పొయ్యి మీద పెట్టిన సంగతే మరిచిపోయి, గుర్తొచ్చాక అక్కణ్ణించి తొమ్మిది నిమిషాలు లెక్కపెట్టారు. అక్క ఒక్క మాట అనలేదు. మాడినవి తను తీసుకుని, బాగున్నవి మనిద్దరికీ వేసింది."

"ఇంత గుర్తుందంటే మిగతాది కూడా గుర్తుండాలే."

"నాకేం గుర్తులేదు. ఈ కోటాయన రేపు పొద్దున్నే వచ్చి కూచుంటాడు. ఇంకా నాలుగు కాజాలున్నాయి. ఏంటది ఒళ్ళో?"

"తెలియనట్టు అడుగుతావేం? మన టేపురికార్డరే. బెల్టు సాగిపోతే కొత్తది వేశాను. బ్యాటరీలే దొరకవనుకున్నాను. మూలకొట్టాయన దగ్గర ఈ సైజువి ఇంకా రెండు జతలున్నాయి. ఈ రోజుల్లో ఇవెవరు కొంటారయ్యా అంటే, ఎవరో ఒకరు వస్తారు లెండి, పాపం, అన్నాడు. నేనెవరో తెలియకుండానే నాకోసం ఎత్తిపెట్టాడు మనిషి."

"మంచివాడే. ఇంటికెళ్ళి హాయిగా వినండి."

"ఒక్కణ్ణీ వినేది కాదు. వారం కింద ఉత్తరం వచ్చింది సూదమ్మా. సంఘం వాళ్ళ దగ్గర్నించి."

"ఏ సంఘం?"

"నక్షత్రాలు చూసేవాళ్ళ సంఘం. మన బొగ్గుబస్తా గురించి."

"అయ్యో, దారం తెగింది."

"తెగలేదు. నువ్వే తెంపావు."

"కళ్ళద్దాలు మార్చినట్టున్నారు. బాగా కనిపిస్తోంది మీకు."

"మాట మార్చకు."

"మార్చడం లేదు. ఆ బొగ్గుబస్తా సంగతి నాకు ఏనాడూ సరిగ్గా అర్థం కాలేదు. మొదట్నించి చెప్పండి."

"ముప్ఫైసార్లు చెప్పాను."

"ముప్ఫై ఒకటోసారి చెప్పండి. కాజాలు కుడుతూ వింటాను."

"అంగారకుడికీ గురుడికీ మధ్య రాళ్ళగుంపొకటి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉంటుందా. అందులో బాగా పెద్దవాటిలో ఇదొకటి. అడ్డంగా కొలిస్తే నూట అరవై కిలోమీటర్లకి పైమాటే."

"అంతుంటే కనిపించదేం?"

"నలుపు. అందుకేగా బొగ్గుబస్తా అని పేరుపెట్టుకున్నాం. బొగ్గు కూడా దీని పక్కన తెల్లగానే ఉంటుంది. మీద పడ్డ వెలుగులో వందకి నాలుగు వంతులు తిరిగిస్తుంది. తొంభై ఆరు మింగేస్తుంది."

"అచ్చం మా అక్కే. వంద మాటలు విని నాలుగు చెప్పేది."

"ఆ నాలుగింట్లోనూ రెండు 'సరే'లు."

"ఒకటి 'పోనీలే'."

"నాలుగోది నా మీద విసుక్కోవడానికి దాచుకునేది. దాన్నీ పెద్దగా వాడలేదనుకో. సరే, ఎంత పెద్ద దూరదర్శిని పెట్టి చూసినా అదొక చుక్క. ఆకారం తెలియదు. తెలియాలంటే అది పోతూ పోతూ ఒక నక్షత్రానికి అడ్డం రావాలి."

"అప్పుడు నక్షత్రం పోతుంది. మళ్ళీ వస్తుంది."

"పోయింది అన్న దగ్గర్నించి వచ్చింది అన్నదాకా ఎన్ని సెకన్లో, అది ఒక గీత. ఆ తెల్లవారుజామున పదమూడు ఊళ్ళలో, పదమూడు మేడల మీద మనుషులు నిలబడ్డారు. పదమూడు గీతలు. ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతే బొగ్గుబస్తా ఆకారం కాగితం మీదకొస్తుంది. చూశావా, అర్థమైంది నీకు."

"అర్థం కాకేం? మేం చేసేదీ అదే. మెడ, భుజం, ఛాతీ, నడుము. చోటుకో కొలత. అవన్నీ కాగితం మీద పడితే మనిషి వచ్చేసినట్టే."

"అందులో ఒక కొలత తప్పు పడితే?"

"కోటుకి మూపురం వస్తుంది."

"ఆఁ."

"ఆఁ అంటే?"

"ఏం లేదు. కుట్టు."

"బొగ్గుబస్తాకి మీరు కనిపెట్టిన మూపురం అలాంటిది కాదుగా బావా. మీదసలే పేరుపడ్డ మూపురం. సంఘం పత్రికలో బొమ్మ వేశారు. మీరు అద్దం కట్టించి కొట్లో తగిలించారు. గడియారం ఆగిపోయిందని వచ్చినవాళ్ళందరికీ ముందు మూపురం కథ, ఆ తరువాతే గడియారం."

"కథ బాగుంటుంది కనక చెప్తాను. కిందింటి హెడ్మాస్టరుగారి ముక్క దగ్గరికొచ్చేసరికి ఎవరైనా నవ్వాల్సిందే."

"అది మాత్రం నిజం. తెల్లవారుజామున నాలుగింటికి మేడ మీద 'పోయింది, పోయింది' అని వినపడితే ఆయన ఏమనుకుంటాడు? ఒంటిమీద శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఫోను చేసుకోవాలండీ అంటూ మీరు దిగారు. ఆయన మీ చేతులు రెండూ పట్టుకుని, ఎవరండీ అని మెల్లగా అడిగాడు."

"నక్షత్రం అన్నాను."

"అయ్యో పాపం, ఎన్నేళ్ళు, అన్నాడు."

"తెలియదండీ, కొన్ని కోట్లుంటాయి అన్నాను. దుఃఖంలో ఏదో అంటున్నాననుకుని కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చాడు. ఇప్పుడు చెప్పు. నవ్వుతావా లేదా?"

"నవ్వాను కదా. ఇంక బయల్దేరండి. చీకటి పడుతోంది."

"ఉత్తరం చదవనీ. చదవనులే, చెప్తాను. మొన్న శీతాకాలంలో మళ్ళీ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చిందట మన బస్తా. ఈసారి నలభై చోట్ల నించి చూశారు. అన్నీ యంత్రాలే, కళ్ళతో చూసినవాళ్ళు లేరు. అన్ని గీతలూ పేర్చి చూస్తే..."

"చూస్తే?"

"గుండ్రంగా, కుదురుగా ఉంది. ఎటుపక్కా మూపురం లేదు."

"అరిగిపోయిందేమో."

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో నూట ఇరవై కిలోమీటర్ల మూపురం అరిగిపోవడానికి అది సబ్బుబిళ్ళ కాదమ్మా. వాళ్ళు ఎంతో మర్యాదగా రాశారు. మీ గీత ఒక్కటీ మిగతా పన్నెండింటితో కుదరడం లేదు, ఏదైనా పొరపాటు జరిగుంటే ఏమిటో రాయండి, సరిచేసుకుంటాం. ఏమీ రాయకపోతే గీత తీసేస్తాం. గీతతో పాటు చూసినవాళ్ళ జాబితాలో ఆ పేరూ పోతుంది."

"ఏ పేరు?"

"ఎవరు చూశారు ఆ నక్షత్రాన్ని? నేనా? నేను స్టాప్‌వాచీ పట్టుకున్నాను. కన్ను పెట్టింది మీ అక్క. జాబితాలో ఆరో పేరు ఆవిడది. ఇంటిపేరుతో సహా అచ్చులో."

"తీసేస్తారా?"

"తీసేస్తారు. మీ అక్క పేరు అచ్చులో పడింది జన్మకంతటికీ అక్కడొక్కచోటే."

"పెళ్ళికార్డు మీద పడిందిగా."

"అందులో ఒక దీర్ఘం తక్కువ పడింది. ఇందులో సరిగ్గా పడింది. పత్రిక వచ్చిన రోజున ఏమీ అనలేదు గానీ, మూడుసార్లు చెయ్యి తుడుచుకుని ఆ పేజీ తీసింది."

"గడువెప్పటిదాకా?"

"ఎల్లుండికి వాళ్ళకి చేరాలి."

"ఎల్లుండికా? ఇప్పుడా వచ్చి చెప్పడం?"

"అందుకే గదా వచ్చాను. ఆ రాత్రి మేడ మీద రికార్డు చేసిన టేపు ఇది, ఒక్కసారి విను. ఆ గొంతు అక్కదేనా, చెప్పు. నా చెవులు మునుపటిలా లేవు."

"నా చెవులు మాత్రం? రోజంతా మిషను చప్పుడే. అసలు నాకు ఇప్పుడు మీరు మాట్లాడేదే సగం వినపడదు."

"సగం వింటే చాలు."

"బావా, వద్దు."

"ఎందుకు వద్దు?"

"అక్క గొంతు... తను లేక ఆరేళ్ళయింది. ఉన్నట్టుండి వింటే నేను తట్టుకోలేను."

"నేనూ అదే అనుకున్నాను. విన్నాక, ఇన్నాళ్ళూ ఎందుకు వినలేదా అనిపించింది. పోనీ టేపు తరువాత. ముందు ఈ బొమ్మ చూడు. మన గీత తీసేసి, ఆ చోటు ఖాళీగా ఉంచి పంపారు."

"చూస్తాను, ఇటివ్వండి. సెకనుకి ఎంత పెట్టారు?"

"సెకనుకి అర అంగుళం."

"మన గీతకి పైనున్నది అయిదంగుళాలు. కిందిది ఆరు. దీనికి టేపు కూడా అక్కర్లేదు బావా, కంటితోనే చెప్తాను. ఈ ఖాళీలో పడాల్సింది అయిదున్నర."

"అంటే?"

"పదకొండు సెకన్లు."

"మనం చెప్పింది పంతొమ్మిది."

"అంటే తొమ్మిదిన్నర అంగుళాలు. అమ్మో. అది మూపురం కాదు, బొగ్గుబస్తా పక్కన ఇంకో బస్తా నిలబెట్టినట్టు. ఇంత తేడా ఉంటే ఆ రోజే చింపి మళ్ళీ కుట్టాల్సింది. ఎలా ఊరుకున్నారు వాళ్ళు?"

"ఊరుకోలేదు, మురిసిపోయారు. కొత్తది కనిపెట్టామనుకున్నారు. ఎనిమిది సెకన్లు ఎక్కడినించి వచ్చాయంటావు?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలుసని అనలేదు. ఎక్కడినించి వచ్చాయంటావు అన్నాను. సూది కింద పెట్టు, వేలికి గుచ్చుకుంటుంది. పెడుతున్నాను టేపు."

"బావా."

"ఇరవై సెకన్లే."

టేపు తిరిగింది. ముందు గాలి, ఎక్కడో కుక్క. ఆ తరువాత గొంతులు.

"పోయింది!"

"పోయింది."

"వచ్చింది."

"పంతొమ్మిది! పంతొమ్మిది సెకన్లు! నేను ఫోను చేసొస్తా."

"ఉండండి, అది..."

టేపు ఆగింది.

"ఆ చివర 'ఉండండి' అన్నది ఎవరు సూదమ్మా?"

"అక్క."

"ఎవరితో?"

"మీతోనే. మీరెక్కడ ఆగారు? నాలుగేసి మెట్లు దూకి, హెడ్మాస్టరుగారి మంచినీళ్ళు తాగుతున్నారు. అక్క పిట్టగోడ దగ్గరికొచ్చి మళ్ళీ పిలిచింది. అప్పటికే ఫోనులో పంతొమ్మిది అని అరుస్తున్నారు మీరు."

"అయితే ఆ 'వచ్చింది' అక్కదే."

"అక్కదే."

"దానికి ముందుది, మెల్లగా అన్న 'పోయింది'?"

"అదీ అక్కదే. అక్క ఎప్పుడైనా గట్టిగా అన్నదా ఏదైనా? ఆ రాత్రి గిన్నె మాడినా మెల్లగానే చెప్పింది."

"మరి దానికీ ముందు, గట్టిగా అన్నది?"

"మా ఇద్దరి గొంతూ ఒకటే అని మా అమ్మే పొరపడేది. ఒకత్తి పలికితే ఇంకొకత్తి అనుకునేది. బావా, టీ తెప్పించనా?"

"తరువాత తాగుదాం."

"రెండుసార్లు అన్నదేమిటని మీకు అనుమానం రాలేదా?"

"రెండోది ఖాయం చెయ్యడానికి అన్నదనుకోవచ్చుగా."

"అనుకోవచ్చు. అలాగే రాసెయ్యండి."

"అలా రాస్తే పంతొమ్మిది పంతొమ్మిదిగానే ఉంటుంది. గీత పోతుంది."

"ఈ సూది ఎక్కడ పెట్టానో."

"సూదమ్మా."

"బల్బు."

"ఏం బల్బు?"

"మెట్ల మీద బల్బు. మీకు టీ ఫ్లాస్కు పట్టుకుని పైకొస్తున్నాను. చివరి మలుపు దగ్గరుండగా టప్పుమని పోయింది. ఎదురుగా ఏమీ కనిపించలేదు, చేతిలో వేడి ఫ్లాస్కు. పోయింది అన్నాను. అంతే. ఇంకేం అనాలి? బల్బు పోతే పోయింది అనకుండా ఏమంటారు ఎవరైనా?"

"ఎవరైనా అదే అంటారు."

"మీరు నొక్కేశారు."

"నొక్కేశాను. కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. ఆ మాట చెవిన పడితే వేలు దానంతటదే నొక్కేస్తుంది."

"అక్కకి వెంటనే తెలిసిపోయింది. కన్ను తీయకుండా, నక్షత్రం నిజంగా పోయినప్పుడు తన 'పోయింది' తను చెప్పింది. మీరు దిగిపోయాక నేను మెట్ల మీదే కూచుని ఏడ్చాను. వెళ్ళి చెప్పేద్దామక్కా అన్నాను. అప్పటికే మీరు పైకొస్తున్నారు, ఆ ముఖం వెలిగిపోతూ. అక్క నా చెయ్యి నొక్కింది."

"ఏమంది?"

"జన్మలో మొదటిసారి ఒకటి కనిపెట్టారే, నాలుగు రోజులు మురవనీ, ఆ తరువాత చెబుదాం అంది."

"నాలుగు రోజులు."

"నాలుగో రోజుకి సంఘం వాళ్ళ అభినందనల ఉత్తరం వచ్చింది. పోనీలే, పత్రిక రానీ అంది. పత్రిక వచ్చేసరికి మీరు అద్దం కట్టించారు. అద్దం కట్టించాక ఎవరు చెప్తారు? ఏడాదికోసారి మార్చి రాగానే, అక్కా చెప్పేద్దాం అనేదాన్ని. సరే అనేది. సరే అని ఊరుకునేది."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు మోశావు."

"మీ కొట్టుకి వస్తే ఆ గోడవైపు వీపు పెట్టి కూచుంటాను, గమనించలేదా? ఆ బొమ్మలో మూపురం ఉన్నచోట నాకు నా నోరే కనిపిస్తుంది. నవ్వకండి బావా. మీకు నవ్వులాటగా ఉంది. నా వాగుడు వల్ల అక్క పేరు కొట్టేస్తున్నారు."

"ఎవరు కొట్టేస్తారు?"

"మీరేగా అన్నారు, గీత తీసేస్తే..."

"ఈ గడియారం పట్టుకో. టేపు మళ్ళీ పెడతాను. నీ బల్బుని వదిలెయ్. అక్క 'పోయింది' అన్నప్పుడు నొక్కు. 'వచ్చింది' అన్నప్పుడు మళ్ళీ నొక్కు."

"ఇది నా చేతికి అలవాటు లేదు."

"సూదిలో దారం ఎక్కించే చెయ్యి, ఏం కాదు. ఊఁ."

టేపు మళ్ళీ తిరిగి ఆగింది.

"ఎంత?"

"బావా."

"ఎంతమ్మా?"

"పదకొండు. ఓ పిసరు ఎక్కువ."

"ఆ ఖాళీలో ఎంత పడుతుందన్నావు?"

"అయిదున్నర అంగుళాలు. పదకొండే. అతికినట్టు సరిపోతుంది. చూశారా, అక్క కొలత తప్పలేదు. కన్ను పెట్టిందంటే తప్పదు తను. ఇంట్లో పడ్డ సూది వెతకాలన్నా నేను తననే పిలిచేదాన్ని."

"గీత ఉంటుంది. ఆరో పేరు ఉంటుంది."

"మీ మూపురం ఒక్కటీ పోతుంది."

"పోనీలే."

"నిజంగా పోనీలేనా? ఆ అద్దం, ఆ కథ..."

"హెడ్మాస్టరుగారు ఉన్నంతవరకు కథకేం లోటు లేదు."

"అయితే లేవండి. కాగితం ఇదిగో. ఇక్కడే రాయండి. తప్పు చూసినావిడది కాదు, చెల్లెలిది అని రాయండి. నా పేరు పూర్తిగా రాయండి, దీర్ఘాలతో సహా. ఏడు దాటింది, ఈ పూట పోస్టు డబ్బా ఖాళీ చేసేసుంటారు. రేపు వేస్తే ఎల్లుండికి చేరుతుందా? చేరదేమో. బావా, చేరదు. వారం రోజుల కింద వచ్చిన ఉత్తరం ఇన్నాళ్ళూ జేబులో పెట్టుకు తిరిగారా?"

"కంగారుపడకు. పొద్దున్నే వేశాను డబ్బాలో."

"ఏది?"

"జవాబు. క్షమించమని రెండు పేజీలు, లెక్క ఒక పేజీ."

"ఏమని రాశారు?"

"సరైన సమయం పదకొండు సెకన్లు. తప్పుకు కారణం అన్న గడిలో, మెట్ల మీద బల్బు."

"మంచిపని చేశారు. అంతా బల్బు మీదకే... ఉండండి. బల్బు సంగతి నేనిప్పుడేగా చెప్పింది?"

"ఆ మర్నాడు మీ ఇద్దరూ బజారుకెళ్ళినప్పుడు టేపు విన్నాను. ఆ తరువాత వెళ్ళి మెట్ల మీద కొత్త బల్బు బిగించాను. రెండూ కలిపి చూసుకోవడానికి గడియారాలవాడికి ఎంతసేపు?"

"ఆ మర్నాడే? మరి ఆ అద్దం కట్టించడం? వచ్చినవాళ్ళందరికీ మూపురం, మూపురం అని చెప్పుకోవడం?"

"ఏం చెయ్యమంటావు సూదమ్మా? నేను బాధపడతానని అక్కాచెల్లెళ్ళిద్దరూ అంత శ్రద్ధగా దాస్తుంటే, నాకు తెలుసని మీకు తెలియకుండా దాచలేక నా తల ప్రాణం తోకకొచ్చింది."

ఆమె కోటు మడిచి బల్ల మీద పెట్టింది. బావ టేపురికార్డరు సంకలో పెట్టుకుని బయట నిలబడ్డాక, దీపం ఆర్పి, దుకాణం తలుపు చప్పుడు కాకుండా వేసింది.